మా ఆయన డాన్సు బూట్లు

మా ఆయన ప్రకాశంగారు తెనాలి పోస్టాఫీసులో గుమాస్తాగా చేశారు. పోయి రెండేళ్ళయింది. ఆయన గురించి ఏదైనా రాయమని మా అమ్మాయి నోటుపుస్తకం తెచ్చిచ్చింది. మంచి గుణాలన్నీ సమాధి చేసినరోజు చర్చిలో పెద్దలు చెప్పేశారు. మిగిలిన బూట్ల సంగతి నేను రాస్తున్నాను.

ఆయన పుట్టి పెరిగింది రేపల్లె దగ్గర పల్లెలో, బురద గట్ల మీద. అక్కడివాళ్ళకి చెప్పు మంచిదంటే జారనిది. అంతకుమించి చూడరు.

1988లో ఆయన మేనత్త జ్ఞానమ్మగారికి డెబ్భై ఏళ్ళు నిండబోతున్నాయి. మద్రాసు ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక మా వీధిలోనే ఉండేవారు. వయసులో తోటి నర్సులతో వాల్ట్జు నేర్చుకున్నారట. అది ఆడా మగా చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగే దొరల డాన్సు.

"మోకాళ్ళు అరిగిపోయాయిరా ప్రకాశం. వచ్చే ఏటికి కర్ర పడతాను. ఈ పుట్టినరోజుకి ఒక్క పాట నాతో తిరగరా" అన్నారు.

"దానికేం భాగ్యం అత్తయ్యా!" అన్నారు ఈయన. ఎవరికీ కాదని చెప్పటం చేతకాదు. ఇంటికొచ్చాక మాత్రం, "సరోజా, డాన్సుకి ముందు ఏ కాలెయ్యాలి?" అని నన్నడిగారు. ఇద్దరు పిల్లల్ని కని వంట చేసుకుంటున్నదాన్ని, నాకేం తెలుసు?

మేనత్తగారింట్లో ఎర్రగచ్చు అద్దంలా ఉండేది. నేర్చుకోవటానికి వెళ్ళిన మొదటిరోజే మేజోళ్ళతో తిరగబోయి వెల్లకిలా పడ్డారు.

"డాన్సుకి తగిన బూట్లు తెచ్చుకో" అన్నారావిడ.

తగినవంటే ఎలాంటివో అడగొద్దూ? అడగలేదు. ఆదివారంనాడు తన నల్లబూట్లు సంచిలో వేసుకుని రేపల్లె బస్సెక్కారు. వాళ్ళ ఊళ్ళో చెప్పులు కుట్టే ఆదాము వాటి అడుగున లారీ టైరు ముక్కలు మేకులతో బిగించి ఇచ్చాడు.

"ఏనుగొచ్చి తోసినా కదలవు బావా" అన్నాడట. ఆ మాట మాకు నాలుగుసార్లు చెప్పారు.

మర్నాడు అత్తని పట్టుకుని గర్రున తిరగబోయారు. ఒళ్ళు తిరిగింది కానీ బూట్లు గచ్చుకి అతుక్కుపోయాయి. ఆయన ఆగిపోయేసరికి ఆవిడ మోకాలు మెలిపడింది.

"నువ్వు డాన్సుకొచ్చావా, దుక్కి దున్నటానికొచ్చావా?" అంటూ ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. కాలు వాచింది. పుట్టినరోజు ఇంకా పది రోజులే ఉంది.

ఈయన ఆ పూట అన్నం ముట్టలేదు. "నన్నావిడ అడిగింది జన్మకి ఇదొక్కటే సరోజా" అన్నారు.

బాపట్లలో కొలతకి బూట్లు కుట్టే నబీ సాహెబ్ దగ్గరికి నేనే బయలుదేరదీశాను. ఆ ముసలాయన బూట్లు తిరగేసి చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఎవరేశారు బాబూ ఇది?"

"మా ఊరి ఆదామండి."

"పనిమంతుడే. వరదొచ్చినా నిలబడతారు. కానీ మీరు తిరగాలిగా?"

ఈయన్ని ఒంటికాలి మీద నిలబెట్టి, భుజాలు పట్టుకుని బొంగరంలా తిప్పాడు. "చూశారా, బూటు తిరక్కపోతే మోకాలు తిరుగుద్ది. అందుకే అడుగున పల్చటి తోలు వేస్తా, గరుకు వైపు నేలకి. మడమ దగ్గర బిగువుండాలి. ముందు వేళ్ళకి కాస్త చోటుండాలి."

"జారదు కదండీ?"

"జారుద్దండి. జారాలి."

"జారాలంటారేంటి సాయిబుగారూ!" అంటూ నా వంక చూశారు, నేనేదో కుట్ర పన్నినట్టు.

మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నరోజు బాపట్ల ప్లాట్‌ఫారం మీదే తొడుక్కుని తిరిగి చూసుకున్నారు. ఒక పోర్టరు పరిగెత్తుకొచ్చి, "ఏంటి సార్, ఫిట్సా?" అన్నాడు. నేను కొంచెం దూరంగా జరిగి నిలబడ్డాను.

పుట్టినరోజుకి జ్ఞానమ్మగారి కాలు వాపు తీసింది. టేప్‌రికార్డరు పెట్టారు. ఈయన పైకే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ, రోడ్డు దాటేవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ తిరిగారు. రెండో చుట్టుకి లెక్క మానేశారు. బూట్లు గచ్చు మీద చప్పుడు లేకుండా జారాయి. జ్ఞానమ్మగారు కళ్ళు మూసుకున్నారు. పాట అయిపోయాక, "మోకాలుందన్న సంగతే గుర్తులేదురా" అన్నారు.

ఆయన చెమట తుడుచుకుంటూ తిన్నగా నా దగ్గరికొచ్చి చెయ్యి చాపారు.

"రా సరోజా. ఇప్పుడు నాకొచ్చేసింది."

అందరూ చూస్తున్నారు. పెరుగుచట్నీ కలపాలని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. చట్నీ అరగంట ముందే కలిపి మూతపెట్టాను.