లచ్చయ్య తాత గుర్తుపట్టిన ఉత్తరం

2018 వానాకాలం. అప్పుడు నేను ఖమ్మంలో ఒక కాలేజీ లైబ్రరీలో కన్జర్వేటర్‌ని. అంటే పాడైపోతున్న పాత కాగితాలను బాగుచేసే మనిషిని. ఆ ఏడు నా బల్ల మీదికి ఒక లెటర్ కాపీ బుక్ వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో గోదావరి వెంట బొగ్గు కోసం తిరిగిన ఒక ఇంగ్లీషు జియాలజిస్టుది. ఆ రోజుల్లో ఉత్తరం రాశాక దాని మీద తడిపిన పల్చటి కాగితం పరిచి ప్రెస్‌లో బిగించేవారు. సిరా కొంత ఆ కాగితానికి అంటుకునేది. అదే రాసినవాడి దగ్గర మిగిలే నకలు. అక్షరాలు తిరగబడి పడతాయి కాబట్టి వెనకవైపు నుంచి చదవాలి.

ఉత్తరాలన్నీ లండన్‌లోని ఒక కెమిస్టు మిత్రుడికి రాసినవే. మొదట్లో ఈ బొగ్గులో బూడిద ఎంత, పడవల మీద సముద్రం దాకా చేరిస్తే గిట్టుబాటవుతుందా అన్న మాటలు. పోను పోను వాదన అడవి మీదికి మళ్లింది. అడవి కొట్టి సాగుకిస్తేనే దేశానికి లాభమని ఆ మిత్రుడి పట్టుదల. వాగులు ఎండిపోయాక ఆ లాభం ఎన్నాళ్లుంటుందని ఇతని ప్రశ్న.

ఈ పుస్తకం సంగతి వాళ్ల బడి పంతులు చెబితే విని, పర్ణశాల అవతలి నుంచి కుంజా లచ్చయ్య బస్సెక్కి వచ్చాడు. డెబ్బై దాటిన కోయ పెద్దమనిషి. ఆయన ఊరు ముప్పై ఇళ్ల గుంపు. అక్కడి వెదురుగుట్ట మీద ఉమ్మడి హక్కు కోసం ఊరంతా కలిసి దరఖాస్తు పెట్టుకున్నారు. తరాలుగా గుట్ట తమదేనన్న పెద్దల మాట ఉంది, రాత మాత్రం లేదు. విచారణ మూడు వారాల్లో ఉంది.

“మా ఊరి పేరు అండ్ల ఉన్నదేమో సూడు బిడ్డా” అన్నాడు.

రెండు రోజులు వెతికాను. ఆ పేరుకు దగ్గరగా ఉన్న మాట ఒక్కటీ కనబడలేదు. మళ్లీ వచ్చినప్పుడు లేదని చెప్పేశాను. తెచ్చుకున్న దరఖాస్తు ఫైలు సంచిలో పెట్టుకున్నాడు గానీ లేవలేదు.

“పేరు ఇడిసిపెట్టు. గాయన ఏ వాగు దాటిండు, ఏం సూసిండు, గది సదువు.”

కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. నాలుగో ఉత్తరంలో ఒక చోట, వాగు రెండుగా చీలి, పడుకున్న ఏనుగులాంటి నల్లబండను చుట్టి మళ్లీ కలిసిందని రాసి ఉంది. లచ్చయ్య చెయ్యెత్తి ఆపాడు. అక్కడి ఊరి పేరేం రాసిండని అడిగాడు. ఇంగ్లీషు స్పెల్లింగులో నలిగిపోయిన ఆ పేరును కూడబలుక్కుని పాలమడుగు అన్నాను.

“గది మా పాత ఊరు. వరదకు కొట్టుకపోతే మా తాతలు వాగు ఇవతలి ఒడ్డుకొచ్చిండ్రు, గుట్ట మాత్రం గదే. ఆ బండ మీద మా అమ్మ ఇప్పపువ్వు ఎండబోసేది.”

పేజీ తిప్పబోతే రాలేదు. చెమ్మకు తర్వాతి కాగితంతో అతుక్కుపోయింది. లాగితే అక్షరాలు ఊడొస్తాయి. హ్యుమిడిఫికేషన్ చేయాలి, అంటే మూసిన పెట్టెలో తేమ పట్టించి మెల్లగా విడదీయాలి. అయిదారు రోజులు పడుతుందని భయపడుతూనే చెప్పాను. ఆయన తొందర పెట్టలేదు. “వెదురు చీల్చేటప్పుడు మేం గూడ గిట్లనే పైలంగ చేస్తం” అని ఊరికి వెళ్లిపోయాడు.

ఆరో రోజుకు కాగితం విడింది. ఆయన్ని పిలిపించి చదివాను. ఈ ఊరివాళ్లు గుట్టను భాగాలుగా చేసుకుని, ఏటా ఒక్క భాగంలోనే ముదిరిన వెదురు కొడతారట. మిగతాది తాకరట. నీ అర్థశాస్త్రంలో దీన్ని ఎక్కడ పెడతావు మిత్రమా, అని ఉంది చివర.

లచ్చయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ దోస్తు ఏం జవాబిచ్చాడని అడిగాడు. జవాబులు ఈ పుస్తకంలో ఉండవని చెప్పి, తర్వాతి ఉత్తరం మొదటి వాక్యం చదివాను. ‘నువ్వు నవ్వినందుకు కోపం లేదు, కానీ ఒకసారి వచ్చి గుట్టను చూడు.’ అది విని తాత కూడా నవ్వాడు.

ధ్రువీకరించిన నకలు, తెలుగు తర్జుమా ఇచ్చి పంపాను. విచారణకు వచ్చిన అధికారులు స్వయంగా వెళ్లి నల్లబండను చూశారు. మరుసటి ఎండాకాలంలో హక్కుపత్రం వచ్చింది. ఆ కబురు చెప్పడానికి తాత కొత్త వెదురుబుట్ట తీసుకుని వచ్చాడు.

ఆ రోజు నేను క్యాటలాగ్ కార్డు రాస్తున్నాను. స్థలాన్ని గుర్తించినవారు అన్న చోట ఆయన పేరు రాసి వినిపించాను. ఆయన ఒప్పుకోలేదు.

“ఆ బండ ముచ్చట, పాత ఊరి ముచ్చట నాకు చెప్పింది మా అమ్మ. ఆమె పేరు సుత రాయి.”

పక్కనే కుంజా ముత్తమ్మ అని రాశాను.

చిరిగిన కాగితం అతికించడం నాకు గురువులు నేర్పారు. దాన్ని ఎవరికి చదివి వినిపించాలో లచ్చయ్య తాత నేర్పాడు. అప్పటి నుంచి ఏ పాత ఉత్తరాన్నయినా ఆ నేల మనిషి ఒకరికి వినిపించనిదే కట్ట కట్టను.