వన్ టౌన్ మూడు కొండలూ, మా ఆయన దాహం వాదమూ

వచ్చే వారానికి మా ఆయన పోయి ఏడాది. సంవత్సరీకం చేస్తానని మరిది ఫోన్ చేస్తే వద్దన్నాను. నువ్వులూ నీళ్ళూ వదిలితే పోయినవాళ్ళ దాహం తీరుతుందంటే నమ్మే ఓపిక నాకు లేదన్నాను. "ఆదివారం దాకా ఆలోచించు వదినా" అన్నాడు. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే గోడలు తప్ప ఏమీ తోచలేదు. అందుకని ఆయన ఏటా ఒక్కరోజు వెళ్ళొచ్చే చోటికే బయల్దేరాను. విశాఖ వన్ టౌన్‌లో పోర్టు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద దర్గా. గోపాలపట్నంలో పుట్టి పెరిగిన ఆయన మూడూ ఒకే పూటలో ఎక్కి దిగేవారు. నేనెప్పుడూ వెంట వెళ్ళలేదు. దేవుడి మీద ఆయనకున్నంత గురి నాకు ఏనాడూ లేదు.

ఆ విషయం మీద మాకు రోజూ వాదనే. "దాహం ఉందంటే లోకంలో నీళ్ళున్నట్టే. దేవుడు లేకపోతే మనిషికి ఆయన కోసం ఇంత దాహం ఎందుకు?" అనేవారు. "ఆకలేస్తే అన్నం ఎక్కడో ఉన్నట్టేమో గానీ, మన కంచంలో ఉన్నట్టు కాదు" అనేదాన్ని. ఆయనది ఉడుం పట్టు. "అడగందే అమ్మైనా పెట్టదు, అడిగి చూడు" అని నవ్వేవారు. చివర్లో మూత్రపిండాలు పాడై, నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు డాక్టర్లు. కొలత అయిపోయాక కూడా ఆయన అడిగేవారు. సీసా నా చేతిలోనే ఉండేది. దూది తడిపి పెదాలకు అద్దేదాన్ని. దాహమూ ఉంది, నీళ్ళూ ఉన్నాయి. అడిగినా పెట్టని అమ్మను నేనయ్యాను. అప్పట్నుంచి దేవుడి పటం ముందు నాకు నోరు పెగల్లేదు.

సామర్లకోటలో పొద్దున్నే ఎక్కిన రైలు విశాఖ స్టేషన్‌కి వెళ్ళదని అనకాపల్లి దాటాక పక్కావిడ చెప్పింది. కొన్ని బళ్ళు దువ్వాడలో ఆగి అటునుంచి అటే పోతాయి. టికెట్ కొనేముందు చూసుకోవాలని ఆయన ఎన్నోసార్లు చెప్పారు, నేను వింటేగా. బండి ఆలస్యమై దువ్వాడలో దిగేసరికి పదిన్నర. బయట ఖాదర్ అనే ఆటో అతను వన్ టౌన్‌కి ఖాళీగా తిరిగి వెళ్తున్నాడు. "నాను ఎలాగూ ఎల్లాల్సిందే మేడమ్, అయిదొందలిచ్చీండి" అన్నాడు. ఇంత దూరానికి అది చవకే. స్టీల్ ప్లాంట్ వైపు పొగా మబ్బూ ఒకే రంగులో ఉన్నాయి. గాజువాక దాటాక లారీల వెనకాల నత్తనడక. పోర్టు దగ్గర చెట్ల ఆకుల మీద కూడా బొగ్గుపొడి పేరుకుని ఉంది.

మాటల్లో ఖాదర్ ఒక సంగతి చెప్పాడు. "లోపలికొచ్చే ఓడలు హారన్ కొట్టి మా దర్గా కొండ మీద బాబాకి సలాం సేత్తాయి మేడమ్."

"బాబా వింటారా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"అది నాకేటి తెలుత్తాది. పలకరించకుండా ఒకరి గుమ్మం తొక్కుతామేటి?" అన్నాడు, కోపం లేకుండానే.

గుడి మెట్లెక్కేసరికి తలుపులు వేసేశారు, మళ్ళీ సాయంత్రమేనట. చర్చి తలుపూ మూసే ఉంది. మూడోది దర్గా కొండ. ఖాదర్‌ని పంపించేసి ఎక్కాను. ఎండ లేదు గానీ ఉక్క చంపేసింది. సగం దారిలో నాలుక పిడచకట్టింది. నీళ్ళు తెచ్చుకోలేదు, అడగాలంటే మొహమాటం. పైన అగరు పొగ, గురువారం కావడంతో జనం. నేను లోపలికి వెళ్ళకుండా, ఓడలు వచ్చే కాలువ కనిపించే వైపు రాతి మీద కూలబడ్డాను.

అక్కడ నా ఈడు ఆవిడ ఒకతె ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి సీసా చాపింది. "తాగండమ్మా. మొకం పీక్కుపోనాది. సల్లగా నేదు గానీ మంచినీల్లే."

సగం తాగాక గానీ ఆమెకూ కావాలేమో అన్న సంగతి తట్టలేదు. తిరిగిస్తూ "నీకో?" అన్నాను.

"నాకు కాదమ్మా, మా ఆయనకి తెచ్చినాను" అంది. పేరు పోలమ్మట. మొగుడు చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. "బోటు దొరికినాది, మడిసి దొరకనేదు. బోటు కదిలే ముందు మంచినీల్ల డ్రమ్ము పెల్లాం సేత్తోనే నింపాల, మా వోల్లలో అంతే. నానే నింపినాను. దొరికిన బోటులో డ్రమ్ము నిండుగానే ఉంది."

నేను సీసాలో మిగిలిన నీళ్ళ వైపు చూశాను.

"కింద కాలువ కాడికి పోర్టోల్లు ఎల్లనివ్వరు. అందుకే లచ్చివారం లచ్చివారం ఇక్కడినుంచే నీల్లు పోత్తన్నాను."

"అతనికి అందుతాయంటావా?" అన్నాను. ఈసారి వెటకారం కాదు, నిజంగానే అడిగాను.

"నాకేటి తెలుత్తాదమ్మా. లేనోడి కోసం మనసు ఇంతలా పీకదు, ఎక్కడో ఉండే ఉంటాడని మా అత్త అనీది. ఎదురుగా ఉన్నోడి కోసం ఎవులికి పీకుతాది సెప్పు?"

కింద ఒక ఓడ కాలువలోకి తిరిగి హారన్ కొట్టింది. కొండ మీంచి ఎవరూ ఏమీ అనలేదు. పోలమ్మ లేచి, నేను తాగగా మిగిలిన నీళ్ళు సముద్రం వైపు రాతి మీద పోసింది. అవి సముద్రం దాకా ఎక్కడ వెళ్తాయి? బెత్తెడు దూరం పారి ఇంకిపోయాయి. ఆమె తడి ఆరేదాకా చూసి, ఖాళీ సీసా సంచిలో పెట్టుకుని దిగిపోయింది. నేను ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

కిందికి దిగాక వన్ టౌన్ సందులో టీ కొట్టు దగ్గర నిలబడి మరిదికి ఫోన్ చేశాను. సంవత్సరీకం చేద్దాం, నీళ్ళు మాత్రం నేనే వదులుతానన్నాను. "పంతులుగారిని అడుగుతాను వదినా" అన్నాడు. "అడగొద్దు, చెప్పు" అన్నాను.

మా ఆయన వాదం నెగ్గిందా అంటే లేదనే చెప్తాను. దాహం వల్ల తెలిసేది గొంతు ఎండిందనే. నీళ్ళు ఉన్నాయో లేవో, ఉన్నా మన నోటిదాకా వస్తాయో రావో దాహానికేం తెలుసు? దేవుడి కోసం మనిషి పడే తపన ఆయన ఉన్నందుకో, ఒకప్పుడు ఉండి పోయినందుకో, అసలు లేనందుకో మూడు కొండల్లో ఒక్కటీ నాకు చెప్పలేదు. నమ్మకం రాలేదు, దిగులూ తగ్గలేదు. కానీ పోయేటప్పుడు ఆయన అడిగినవి నీళ్ళు. అప్పుడు ఇవ్వలేకపోయాను. ఇప్పుడు పోస్తే కాదనే డాక్టరు లేడు. అందుతాయో లేదో తెలియకుండానే పోస్తాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. దర్గా కొండ మెట్లు మొదలయ్యే ముందే, కింద బడ్డీ కొట్టులో నీళ్ళ సీసాలు రెండు కొనుక్కోండి. ఒకటి మీరు తాగండి.