రైళ్లు మానేసిన దారిలో

మా అమ్మాయి ఒక సాయంత్రం టీవీలో ఫ్రాన్స్‌ని చూపించింది. ఒక కాలవ, దాని గట్టున కంకర పరిచిన సన్నటి బాట, రెండు పక్కలా పొడుగాటి చెట్లు. కార్లు లేవు, లారీలు లేవు. ఒకప్పుడు గుర్రాలు ఆ గట్టున నడుస్తూ పడవల్ని తాళ్లతో లాగేవట. ఇంజన్లు వచ్చాక గుర్రాలు పోయాయి, బాట సైకిళ్లకు మిగిలింది.

"ఇది మన కాలవ గట్టే కదే," అన్నాను.

"మన గట్టు మీద గేదెలుంటాయమ్మా."

"ఇక్కడ ఆవులున్నాయిగా. అదిగో, గడ్డి మేస్తా ఉన్నాయి."

నాది కృష్ణా డెల్టా. మా చిన్నతనంలో అక్కడ పడవల్ని మనుషులే లాగేవారు. పెళ్లయిన కొత్తల్లో నేను సైకిలు నేర్చుకున్నది సరదాకి కాదు. క్యారియర్‌కి రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని, ఎండెక్కకముందే కాలవ గట్టు మీదుగా పాలకేంద్రానికి చేరాలి. ఎదురుగా గేదె వచ్చినా, గట్టు తెగి బురదైనా నేను పాలు ఒలకబోసింది లేదు. అందుకే ఆ వీడియో చూడగానే ఫ్రాన్స్ నాకు తెలిసిన చోటులాగే అనిపించింది. వెళ్లాలనిపించింది కూడా. ఈ వయసులో నాకోసం నేను కోరుకున్నవి తక్కువ. ఇది మాత్రం గట్టిగా కోరుకున్నాను.

మేముండేది మెల్‌బోర్న్ పడమటి పక్క, ట్రుగనీనాలో. చుట్టూ గోడౌన్లు. రోడ్డెక్కితే ఇల్లంత లారీలు పక్కనుంచి పోతుంటాయి. పార్కులో గుండ్రంగా తిరగడమే తప్ప సైకిలు వేసుకుని ఎక్కడికైనా పోయానన్న తృప్తి లేదు. పోయిన ఏడాది మా అమ్మాయి రెండు లావు టైర్ల సైకిళ్లు కొంది, ఒకటి తనకి, ఒకటి నాకు. ఫ్రాన్స్ ఆలోచన వాటితోపాటే వచ్చింది. అల్లుడికి నడుం నొప్పి, ఆయన సైకిలెక్కడు. కాబట్టి వెళ్లేది ఇద్దరం. అలా అనుకున్నాను నేను.

"అమ్మా, నీ రైడింగ్ గురించి కాదు నా వర్రీ," అంది అమ్మాయి. "అక్కడ మనం సెపరేట్ అయిపోతే? ఫోన్‌కి సిగ్నల్ లేకపోతే? బోర్డులన్నీ ఫ్రెంచ్‌లో ఉంటాయి."

"ఇంగ్లీషు మాత్రం నేను పుట్టుకతో నేర్చానా?"

అమ్మాయి నవ్వలేదు. దాని ఆఫీసు స్నేహితురాలు ఒకామె రావడానికి సిద్ధంగా ఉందట. ఆదివారం టికెట్లు కొనాలి, రెండోది ఎవరికో ఆలోగా తేలాలి.

"అత్తయ్యా, మీరు ఇక్కడే ఉండండి. మీరుంటే నాకు పప్పుచారు గ్యారంటీ," అన్నాడు అల్లుడు.

"మీ బాధ అదా బాబూ? నేర్పించి వెళ్తాలెండి."

అమ్మాయి భయానికి కారణం లేకపోలేదు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. తెలుగు మా ఊళ్లో రాత్రి బడిలో దిద్దాను. ఇంగ్లీషు ఇక్కడి లైబ్రరీలో, వారానికోసారి పెట్టే క్లాసులో. చదువు రాని రోజుల్లో రైలెక్కితే నాకు ఒకటే బెంగగా ఉండేది. స్టేషన్ వచ్చినప్పుడల్లా పక్కవాళ్లని అడగాలి, వాళ్లు కునుకు తీస్తుంటే ఇంకొకళ్లని అడగాలి. చదవడం నేర్చాక ఒకసారి ధైర్యంగా కిటికీ పక్కన కూర్చుని పసుపు బోర్డు కూడబలుక్కోబోయాను. సగం పేరు చదివేసరికి రైలు కదిలిపోయింది. ఇప్పటికీ నేను చదవగలను కానీ తొందరగా చదవలేను. అది అమ్మాయికి తెలుసు.

చివరికి ఒక పద్ధతికి ఒప్పించాను. ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో మూతబడ్డ పాత రైలు మార్గాలు చాలా ఉన్నాయి. పట్టాలు పీకేసి, కంకర పరిచి సైకిళ్లకు వదిలారు. రైల్ ట్రెయిల్ అంటారు. శనివారం అలాంటి దారిలో ఒకటి ఇద్దరం తొక్కాలి. అల్లుడు కారులో ముందే వెళ్లి, దారి చివర ఉన్న పాత స్టేషన్ దగ్గర పులిహోరతో ఎదురుచూస్తాడు. నేను బాగా తొక్కితే, దారి బోర్డులు నేనే చదివి చెబితే, టికెట్ నాది.

ఆ ఉదయం వాళ్లిద్దరూ తయారవుతుండగా నేను గ్యారేజీలోకి వెళ్లి టైర్లు నొక్కి చూశాను. బొటనవేలు మెత్తగా దిగింది. నా ప్రాణం ఉసూరుమంది. మా వైపు పాల సైకిలు బయల్దేరదీసే ముందు ఎవరైనా మొదట చేసే పని టైరు నొక్కడమే. వేలు దిగిందంటే ఆ ఇంట్లో వాళ్లు బద్ధకస్తులని అర్థం. క్యాన్ల బరువుకి ట్యూబు నలిగి చిల్లి పడుతుంది, ఆలస్యమై పాలు విరుగుతాయి. ఇంత ఖరీదైన సైకిళ్లు కొని గాలి చూసుకోని పిల్లలు ఏం పిల్లలని, పంపు తీసుకుని నాలుగు టైర్లకూ కొట్టాను. నొక్కితే రాయిలా ఉండాలి. అలాగే ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవాల్సినంత పనేముంది అందులో?

దారి బ్రహ్మాండంగా ఉంది. రైలు కోసం వేసిన దారి కదా, నిటారు ఎత్తులు లేవు. రెండు పక్కలా పచ్చిక, కంచెల వెనక నల్లటి ఆవులు. తెల్ల కాకటూ చిలకల గుంపు ఒకటి మా మీదుగా గోల చేస్తూ పోయింది. దారిని రోడ్డు దాటే చోటల్లా గేటు, గేటు దగ్గర ఆ రోడ్డు పేరుతో బోర్డు. ప్రతి బోర్డు దగ్గరా దిగి పైకే చదివాను.

"అమ్మా, అన్నీ చదవక్కర్లేదు. మనం ఆ రోడ్డులోకి వెళ్లట్లేదుగా."

"టెస్టుకి ఒప్పుకుంది నువ్వే. ఇప్పుడు చదవద్దంటే ఎలా?"

సైకిలు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. ప్రతి గులకరాయీ అరచేతుల్లోకి వచ్చి తగులుతోంది. "లాస్ట్ టైమ్ ఇంత రఫ్‌గా లేదే," అంది అమ్మాయి. కంకర దారి ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను నేను.

ఒక గేటు దాటాక చిన్న పల్లం వచ్చింది, దాని అడుగున మలుపు. ముందు పోతున్న అమ్మాయి చక్రం వదులు కంకర మీద సర్రున జారింది. సైకిలు ఒక పక్కకి పడింది, అమ్మాయి ఒక పక్కకి. నేను దిగి పరిగెత్తేసరికి లేచి కూర్చుంది. మోకాలు చెక్కుకుపోయింది. ఎడమ మణికట్టు పట్టుకుని పళ్లు బిగించింది. వేళ్లు కదుపుతోంది, అదొక్కటే ఊరట. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

ఎదురుగా సైకిలు మీద ఒక తెల్లావిడ వచ్చింది, నాకంటే పెద్దది. ఆగి, తన మెడలోని గుడ్డ తీసి మా అమ్మాయి చేతికి కట్టు కట్టింది. తరవాత సైకిలు లేపి నిలబెట్టబోతూ టైరు నొక్కి, ఈల వేసింది.

"హూ పంప్డ్ దీజ్ అప్, లవ్?"

ఎవరు కొట్టారీ గాలి అని. అమ్మాయి నా వైపు చూసింది.

"మీ," అన్నాను. "ఐ పంప్. వెరీ స్ట్రాంగ్."

ఆవిడ పగలబడి నవ్వింది. కంకర మీద గట్టి టైరుకి పట్టు చిక్కదనీ, మెత్తటిదైతే రాళ్లని పట్టుకుని పోతుందనీ అరచేతులు ముడిచి, తెరిచి చూపించింది. నా టైరులోంచి గాలి వదులుతూ, నా వేలు పట్టుకుని తనే నొక్కించింది. వేలు దిగాలి. ఇన్నేళ్లూ దిగకూడదనుకున్న వేలు.

"నువ్వా కొట్టింది!" అంది అమ్మాయి, నొప్పిలోనే. "ఇవేమన్నా పాల క్యాన్లా అమ్మా?"

"తప్పే తల్లీ. తిట్టడం తరవాత, ముందు మీ ఆయన్ని పిలవాలి. నేను వెళ్తాను."

"ఈ ఆంటీని వెళ్లమందాం. నువ్వు నా దగ్గరుండు."

"ఆవిడకి కట్టు కట్టడం వచ్చు, నాకు రాదు. మీ ఆయన ఆవిడకి తెలీదు, నాకు తెలుసు."

"కారు ఇక్కడికెలా వస్తుంది? మనం ఎక్కడున్నామో నాకే తెలీదు."

ఇప్పుడే దాటిన గేటు దగ్గరి రోడ్డు పేరు చెప్పాను. అమ్మాయి ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "సరే, వెళ్లు. స్లోగా," అంది.

బయల్దేరాను. మెత్తటి టైర్లతో సైకిలు కింద చతికిలబడినట్టు తోచింది మొదట్లో. కాసేపటికి దాని గుణం తెలిసింది. కంకర చప్పుడు కూడా మారిపోయింది, పచ్చి జంతికల పిండి ఒత్తుతున్నట్టు మెత్తగా. అమ్మాయి చేయి గుర్తొస్తే గట్టిగా తొక్కాను, మలుపు కనిపిస్తే నెమ్మదించాను. ఒక చోట దారి రెండుగా చీలింది. బోర్డు మీద రెండు పేర్లు, రెండు బాణాలు. దిగి, సైకిలు కంచెకి ఆనించి, వేలు పెట్టి చదివాను. మొదటి పేరు మాకు కావలసింది కాదు. రెండోది రెండుసార్లు చదివాను. నా వెనక హారన్ కొట్టేవాళ్లు లేరు, పద పద అనేవాళ్లు లేరు. ఆ దారి నేను చదివేదాకా ఆగింది.

చివరికి పాత ప్లాట్‌ఫారం కనిపించింది. రైళ్లు మానేసి ఎన్నేళ్లయిందో, స్టేషన్ పేరు బోర్డు మాత్రం కొత్త రంగుతో నిలబడి ఉంది. దాని కింద బెంచీ మీద అల్లుడు, ఒళ్లో టిఫిన్ డబ్బా. ముందు బోర్డు చివరి అక్షరం దాకా చదివాను. తరవాతే పిలిచాను.

"అత్తయ్యా, మీరొక్కరేనా? తనేదీ?"

"పడింది బాబూ. చేయి బెణికినట్టుంది, మనిషి బాగానే ఉంది. కారు తియ్యండి, రోడ్డు పేరు చెబుతాను. గాలి నేనే ఎక్కువ కొట్టాను, ఆ తిట్లు కూడా దారిలో తిడుదురుగాని."

ఆయన తిట్టలేదు. కారులో నేను చెప్పిన పేరు ఫోన్‌లో కొట్టి, "ఉంది," అన్నాడు. మేము గేటు దగ్గరికి చేరేసరికి వాళ్లిద్దరూ మెల్లగా అక్కడిదాకా నడిచి వచ్చి కూర్చున్నారు. ఆ తెల్లావిడకి డబ్బాలో సగం పులిహోర పెట్టాను. పచ్చిమిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుంది, అయినా ఆపలేదు.

ఎముక విరగలేదు, బెణుకే. కొన్ని వారాలు సైకిలు తొక్కకూడదన్నారు. ఫ్రాన్స్ ప్రయాణానికి ఇంకా చాలా టైముంది.

ఆదివారం అమ్మాయి చేతికి కట్టుతో సోఫాలో కూర్చుని, టికెట్ల పేజీ తెరిచి, లాప్‌టాప్ నా ఒళ్లోకి తోసింది. "నా చెయ్యి నీ పుణ్యమే కదా. నువ్వే కొట్టు, నీ పేరు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి."

ఆఫీసు స్నేహితురాలి మాట నేను అడగలేదు. అమ్మాయీ ఎత్తలేదు.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఇంటిపేరు అయ్యి నా పేరు సగానికి వచ్చేసరికి తెర ఖాళీ అయిపోయింది. టైమైపోయిందట. నాకు ఆ పసుపు బోర్డు, కదిలిపోయిన రైలు గుర్తొచ్చాయి.

"అయ్యో, నేను కొట్టనా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"వద్దు బాబూ. మీరు పప్పుచారు పొంగుతోందేమో చూడండి."

మళ్లీ మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టాను. ఈసారి అక్షరాలు ఎక్కడున్నాయో వేళ్లకి తెలుసు. పేరు పూర్తయ్యాక అమ్మాయి నా భుజం మీదుగా వంగి, ఒకటికి రెండుసార్లు సరిచూసి, మంచి చేత్తో బటన్ నొక్కింది.

"అక్కడ మాత్రం పంపు ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది.

"ముట్టుకోను," అన్నాను. "వేలు మాత్రం పెట్టి చూస్తా."