దండ లేయరు

ఫోన్‌లో అశ్రునివాళి పోస్టర్ వచ్చినప్పుడల్లా నా చూపు ముందు కింది ఫొటో మీదికే పోతుంది. అమెరికాలో, శాంటా క్లారా రైల్లో అంటుకున్న జబ్బు ఇది.

ఆ రోజు పక్కసీటాయన లాప్‌టాప్‌లో అలాంటి పోస్టరే చేస్తున్నాడు. తెల్లచొక్కా పెద్దాయన ఫొటో మీద బంతిపూల దండ బొమ్మ పెట్టి, బ్లెండ్ మోడ్‌ని మల్టిప్లైకి మార్చాడు. దండ వెనకున్న తెల్లటి డబ్బా మాయమై, పూలు నిజంగా మెడలో వేసినట్టే అమరాయి.

నేను తెలుగువాణ్ణని పోల్చుకుని, "మా అసోసియేషన్ ఫౌండర్ అండీ," అన్నాడు.

"అయ్యో, ఎప్పుడు పోయారు?"

"ఇంకా లేదండీ, ఐసీయూలో ఉన్నారు. న్యూస్ రాగానే గ్రూప్‌లో మనదే ఫస్ట్ పడాలి కదా!"



పోస్టర్ కింద, పెద్దాయన కంటే పెద్దగా, సూట్ వేసుకుని ఇతగాడే నవ్వుతున్నాడు. ఇద్దరి తలల చుట్టూ పచ్చటి వెలుగు.

"ఎలా ఉందండీ?"

సీటు మారదామని లేచినవాణ్ణి, అతని బొమ్మనే చూస్తూ, "ఆ గ్లో తగ్గించండి, అసహ్యంగా ఉంది," అన్నాను.

"కరెక్టేనండీ," అంటూ వెంటనే లేయర్ స్టైల్ తెరిచి తగ్గించాడు.

పెద్దాయనది.