వద్దు అనడం నేర్పిన పామర్రు పిన్నిగారు

ఆ రోజుల్లో ఎవరికి దొరికినా "జీవితంలో నీకు ఆదర్శం ఎవరు?" అని అడిగేవారు. ఇంటర్వ్యూల్లో అడిగేవారు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్లు అడిగేవారు, ఆఖరికి మా అమ్మీ వైపు చుట్టం ఒకాయన ఆటోలో ఇరుక్కుని కూర్చుని కూడా అడిగాడు. నేను ఏదో ఒక గొప్పాయన పేరు చెప్పి బయటపడేవాణ్ణి. నిజానికి నన్ను కాస్తో కూస్తో మనిషిని చేసిన ఆవిడ ఫోటో ఏ గోడ మీదా ఉండదు. పైగా ఆవిడ పేరెత్తితే చాలు, బెజవాడ వన్ టౌన్‌లో మా చీరల కొట్టంతా పళ్లు కొరికేది.

డిగ్రీ అయ్యాక ఆ కొట్లో సేల్స్‌మన్‌గా చేరాను. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "చూడండమ్మా, చూస్తే ఏం పోయింది" అంటూ పొద్దస్తమానం చీరలు విప్పి పరవడం నా ఉద్యోగం. మనసేమో పంతులు ఉద్యోగం మీద. ఒకసారి బి.ఇడి. సీటు వచ్చి వదిలేసుకున్నాను. మరుసటి ఏడు మళ్లీ వచ్చింది. ఈసారి కూడా చేరకపోతే ఇంక జన్మలో చేరనని నాకే అర్థమైపోయింది. అడ్డం ఎవరయ్యా అంటే మా షావుకారు గారు. చెడ్డాయన కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డాయనైతే పోట్లాడి పోయేవాణ్ణి. నేను కాలేజీ అని నసగగానే "శ్రావణమాసం ముందు నువ్వు లేకపోతే ఎలా అబ్బాయ్?" అనేవారు. పని ఇష్టం లేదని మొహం మీద చెప్పలేక ఏవో సాకులు వెతికేవాణ్ణి. కొట్లో దుమ్ముకి తుమ్ములొస్తున్నాయన్నాను, నా నెత్తి మీద కొత్త ఫ్యాను పెట్టించారు. ఇల్లు దూరమన్నాను, తన పాత స్కూటరిచ్చారు. అమ్మీకి ఒంట్లో బాగుండట్లేదన్నాను, వాళ్ల డాక్టరు గారి దగ్గరికి తనే పంపించారు. (అమ్మీ నిక్షేపంలా ఉంది. పరీక్షలన్నీ చేయించుకుని వచ్చి నన్ను తిట్టింది.) మానేద్దామని లోపలికి వెళ్లిన ప్రతిసారీ థాంక్సండీ అని చెప్పి బయటికొచ్చేవాణ్ణి.

ఇలా కాదని ఒక ఆదివారం వ్యక్తిత్వ వికాసం క్లాసుకి వెళ్లాను. బెజవాడ ఎండల్లో కోటు తొడుక్కున్న ఒకాయన, కల్యాణ మండపం దద్దరిల్లేలా "వద్దు అనండి! ఇంకా గట్టిగా అనండి!" అని మా అందరిచేతా అరిపించాడు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాం. అంతా అయ్యాక ఆయనే గుమ్మం దగ్గర నిలబడి ఉపన్యాసాల సీడీలు చేతిలో పెడుతుంటే, వద్దనలేక కొనుక్కొచ్చాను. మా ఇంట్లో సీడీ ప్లేయర్ కూడా లేదు.

ఆ వారంలోనే ఒకరోజు, కొట్టు తెరిచి ఇంకా సాంబ్రాణి పొగ పోకముందే, కొట్టంతా తీయించి ఏదీ కొనదని మా వీధంతా ఎరిగిన పామర్రు పిన్నిగారు గుమ్మం ఎక్కారు. అదీ బోణీ వేళ. పొద్దున మొదటి బేరం చెడితే ఆ రోజంతా చెడినట్టేనని మా వీధి నమ్మకం. అందుకే మర్యాద తెలిసినవాళ్లు ఆ వేళ ఊరికే చూడ్డానికి రారు, వస్తే కనీసం జాకెట్టు ముక్కయినా కొని పోతారు. పిన్నిగారికి ఆ బాధలేం లేవు. తీరిగ్గా కూర్చుని మంగళగిరి చీరలు తీయించారు, వెంకటగిరివి తీయించారు, పై అరలో ఉన్నవి నిచ్చెనేసి దింపించారు. షావుకారు గారు తెప్పించిన కాఫీ తాగారు, పంచదార తక్కువైందన్నారు. నేను చీరల్లో నడుంలోతు కూరుకుపోయాక ఆవిడ లేచి, చెంగు సర్దుకుని, "నచ్చలేదు నాయనా. వస్తా" అన్నారు.

షావుకారు గారు గల్లా దగ్గర్నుంచి పరుగున వచ్చారు. "బోణీ అండీ పిన్నిగారూ, కాదనకండి, ఏదో ఒకటి తీసుకోండి!"

"మీ బోణీ కోసం నాకు నచ్చని చీర కట్టుకుని నేను తిరగాలా?" అన్నారావిడ, కోపం లేకుండానే.

నాకు ఒళ్లు మండిపోయింది. అవన్నీ మడతపెట్టాల్సింది నేను. "పోనీ ఎందుకు నచ్చలేదో అయినా చెప్పండి" అన్నాను.

"అమ్మో, కారణం చెబితే నువ్వు ఊరుకుంటావా? రంగు బాలేదంటే ఇంకో రంగు తెస్తావు, అంచు పెద్దదంటే చిన్నంచు తెస్తావు. నచ్చలేదు, అంతే" అంటూ చెప్పులేసుకుని, వెనక్కైనా చూడకుండా వెళ్లిపోయారు.

మడతలు పెడుతూ మధ్యాహ్నం దాకా ఆవిణ్ణి తిట్టుకున్నాను. తిట్టుకుంటూ ఉంటేనే బుర్రకి ఎక్కింది. ఇన్నాళ్లూ నేను చేస్తున్నదేమిటి? రంగు బాలేదంటున్నాను, ఆయన ఇంకో రంగు తెస్తున్నారు! ఆ కోటాయన గొంతు చించుకుని నేర్పలేనిది, ఈ మహాతల్లి ఉత్త పుణ్యానికి నేర్పి పోయింది. ఆఖరి చీర అరలో పెట్టి తిన్నగా గల్లా దగ్గరికి వెళ్లాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నాకు ఈ పని ఇష్టం లేదండీ. సోమవారం కాలేజీలో చేరుతున్నాను."

"ఎందుకని అబ్బాయ్? ఏమైంది?"

నోటిదాకా మళ్లీ తుమ్ములొచ్చాయి. మింగేశాను. "ఏం కాలేదండీ. ఇష్టం లేదు, అంతే."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కొట్టినా కొడతారనుకున్నాను.

"ఓరి నీ దుంపతెగ! ఈ ముక్క పోయినేడే చెప్పి చావొచ్చు కదరా! నా బావమరిది కొడుకు ఏడాది నుంచీ నీ చోటు కోసం కాచుక్కూచున్నాడు. వాళ్లింట్లోవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు. నువ్వేమో ఆ ఇబ్బంది, ఈ ఇబ్బంది అంటూ వస్తుంటే, పాపం కుర్రాడికి మా కొట్టంటే ప్రాణం కాబోలు, నానా తంటాలు పడి నిలబడుతున్నాడు అనుకుని, పొమ్మనలేక చచ్చాను!"

"మరి శ్రావణమాసం అన్నారు కదండీ..."

"మర్యాదకన్నాన్రా! వెళ్తానంటే వెళ్లు అంటామా ఎక్కడైనా?"

పైన ఫ్యాను తిరుగుతోంది. మా ఇద్దరి మొహమాటం కింద పడి బంగారంలాంటి ఒక ఏడాది నలిగిపోయింది. ఆయనకి ముందు నవ్వొచ్చింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇప్పుడు పంతుల్ని. నెత్తి మీద జుట్టు పలచబడింది, గొంతు మాత్రం బాగా పెరిగింది. ఒక్కోసారి స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు, గల్లా ముందు చేతులు కట్టుకుని, ఇష్టం లేదన్న రెండు మాటలకి చెమటలు కక్కుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. దగ్గరికి పిలిచి వాడి నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది. వేశాక, పాపం, పక్కన కూర్చోబెట్టుకుని ఒక టీ ఇప్పించాలనీ అనిపిస్తుంది.