నాచారం రోడ్డు మీద బావ

ఉప్పల్ నుంచి నాచారం దాకా రోజూ పది నిమిషాల్లో నడిచేవాణ్ని. అబద్ధం. గంట పట్టేది, కనిపించిన ప్రతి అరుగు మీదా కూర్చునేవాణ్ని.

రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులు. మా ఆవిడ పోయాక కాకినాడ నుంచి ఉప్పల్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చాను. ఇంట్లో ఉంటే ఏడుపొస్తుందని పొద్దున్నే రోడ్డెక్కేవాణ్ని. ఫ్యాక్టరీకి నడిచివెళ్లే మల్లేశ్ మొదటిరోజే, "ఏంది బావా, గిట్ల కూసున్నవ్? నడువు!" అన్నాడు. మా వైపు నన్ను బావా అనాలంటే మా చెల్లెల్ని చేసుకుని ఉండాలి! అయినా లేచి నడిచాను. నెల తిరిగేసరికి అన్నం సయించింది, నిద్ర పట్టింది.

మొన్న ఫోన్లో మల్లేశ్‌తో, "అప్పట్లో నీకు భలే తోడు నడిచాను కదా" అని గొప్పలు పోయాను.

"నువ్వా? తొవ్వల నువ్వు ఏడుస్తుంటే చెయ్యి వట్టి నడిపిచ్చింది నేను బావా. నీకోసం ఆగి మస్తుసార్లు డ్యూటీకి లేటుగ వొయిన" అన్నాడు.