కాక నా పంటికి పెట్టిన మైనం

ఆ రోజుల్లో ముంబైలో మా చాల్‌లో, అంటే వరుస గదుల మేడలో, దగ్గడం తప్పు కింద లెక్క. ఎవరికైనా ఫోన్ చేస్తే అవతలి మనిషి పలకకముందే అందులో ఎవరో దగ్గేవారు, ఆ తర్వాత చేతులు కడుక్కోమని చెప్పేవారు. ఆ దగ్గు వినపడినా పక్క గదివాళ్లు తలుపు వేసుకునేవారు. ఇదంతా జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. ఇంత ఇటీవలి కాలాన్ని ‘ఆ రోజుల్లో’ అనడం లేని పెద్దరికం నటించడమే. కానీ అప్పుడున్న మనిషి ఇప్పుడు లేకపోతే, మొన్నటి రోజులు కూడా ఆ రోజులే అయిపోతాయి.

కామాఠిపురాలో రెండో అంతస్తులో మా గది. ఉండేది ఇద్దరమే, నేను, కాక. కాక అంటే మా నాన్న తమ్ముడు. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోతే పెంచింది ఆయనే. మేస్త్రీ పని. ముప్పై ఐదేళ్లు ముంబై గోడలకు ప్లాస్టరూ నేలలకు టైల్సూ వేశాడు. ఆ సిమెంటు దుమ్ములో కొంత ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. నిద్రలేవగానే పావుగంట దగ్గేవాడు. అది మాకు కుళాయి నీళ్లు వచ్చే వేళ తెలిపే గుర్తు, అంతకుమించి ఏమీ కాదు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నాగ్‌పాడాలో ఒక కళ్లద్దాల దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని.

కింది వరుసలో ఎడమవైపు దవడ పన్ను ఒకటి పుచ్చింది. మా దుకాణం వెనక సందులో ఉన్న పళ్ల డాక్టరు చూసి, మూడుసార్లు వస్తే పన్ను నిలుస్తుందన్నాడు. మొదటిసారి వెళ్లాను. ఆ మిషను చప్పుడు రెండు రోజులు చెవిలోనే ఉంది. తాత్కాలికంగా ఏదో నింపి, వచ్చేవారం రమ్మన్నాడు. తర్వాత నాలుగుసార్లు ఆయన క్లినిక్ మెట్ల దాకా వెళ్లి తిరిగొచ్చాను. డాక్టరు లేడని కాకకు చెప్పాను (డాక్టరు ఉన్నాడు, గుమ్మం బయట ఆయన చెప్పులు నేను చూశాను). ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ సాయంత్రం ఫాక్‌లాండ్ రోడ్డు మీద జనమంతా బియ్యానికీ పాలపొడికీ పరిగెత్తుతుంటే, నేను మాత్రం ఆ క్లినిక్ షట్టర్ దించి ఉండటం చూసి లోలోపల సంతోషించాను. నా పిరికితనానికి ప్రభుత్వమే సెలవు మంజూరు చేసినట్టు అనిపించింది.

రెండు వారాలకు జొన్నరొట్టె కొరుకుతుంటే ఆ నింపింది ఊడి చేతిలోకి వచ్చింది. ఆ మర్నాటి నుంచి నొప్పి మొదలైంది. డాక్టరుకు ఫోన్ చేశాను. ఫోన్ దగ్గింది గానీ ఆయన ఎత్తలేదు. రోజుకు పదిసార్లు ఆ దగ్గు విన్నాను. ఏ మెట్లు చూసి పారిపోయానో ఆ మెట్లే ఇప్పుడు కలలోకి వచ్చేవి.

భయం పంటిది మాత్రమే అయితే ఓర్చుకునేదాన్ని. రోజూ పొద్దున పది గంటలకు మున్సిపాలిటీ తరఫున నీలం ప్లాస్టిక్ కోటు వేసుకున్న ఒక మరాఠీ అమ్మాయి వచ్చి, గది గదికీ ఆగి, నుదుటికి యంత్రం గురిపెట్టి జ్వరం చూసేది. పై అంతస్తులో ఒకాయనకు జ్వరం తేలితే అంబులెన్సులో తీసుకెళ్లారు, మెట్లకు అడ్డంగా వెదుళ్లు కట్టారు. (ఆయన తర్వాత క్షేమంగానే తిరిగొచ్చాడు. అప్పుడు మాకు ఆ సంగతి తెలియదు.) కాక దగ్గు వింటే ముందు ఆయననే తీసుకుపోతారు. అంతమంది రోగుల మధ్య పడుకుంటే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవని మా ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందుకే పదవుతోందనగా కాక నోటి నిండా నీళ్లు పోసుకుని గుమ్మంలో కూర్చునేవాడు. నీళ్లుంటే దగ్గు రాదని ఆయన కనిపెట్టిన పద్ధతి. ఆ అమ్మాయి ఏమడిగినా కనుబొమలతో జవాబు చెప్పేవాడు. ఈ ముసలాయన మూగవాడని ఆమె రిజిస్టరులో రాసుకుందేమోనని నా అనుమానం.

లవంగం, ఉప్పునీళ్లు, ఇంగువ అన్నీ అయ్యాయి. ఎదురు గది మౌశి (మౌశి అంటే పిన్ని. మాకు చుట్టమేమీ కాదు, చాల్ మొత్తానికీ మౌశియే) మిశ్రీ డబ్బా పట్టుకొచ్చింది. పొగాకును నల్లగా కాల్చి నూరిన పొడి అది. ఇక్కడి ఆడవాళ్లు దాంతో పళ్లు తోముతారు.

“గీది వెట్టి సూడు పోరీ. నా పండ్లు సూడరాదు, ఒక్కదినం నొయ్యలె,” అంది.

చూశాను. నాలుగున్నాయి. మిగతావి ఏమయ్యాయని అడగడానికి నాకు నోరు రాలేదు. మిశ్రీ పెట్టుకున్న పావుగంటకు తల తిరిగి, గ్యాలరీ కమ్మీలు పట్టుకుని కూర్చున్నాను. నొప్పి తగ్గలేదు. నొప్పి ఎక్కడుందో మాత్రం కాసేపు తెలియలేదు.

ఇక కాక రంగంలోకి దిగాడు. నన్ను వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, చెంచా వెనకవైపుతో నా పళ్లను ఒక్కొక్కటే మెల్లగా తట్టి, నా నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు. పరచిన టైల్స్‌ను మేస్త్రీలు అట్లాగే తట్టి చూస్తారు, కింద బోలుగా ఉంటే చప్పుడు మారుతుంది. పుచ్చిన పంటి దగ్గరికి రాగానే నేను కేక వేశాను. ఆయన మాత్రం చప్పుడు విన్నానన్నట్టు తల ఊపాడు.

“డొల్ల అయింది. నింపాలె,” అన్నాడు.

గది మూలన సగం వాడిన తెల్ల సిమెంటు సంచి ఉంది. నా చూపు దాని మీదికి పోయింది. ఆయన చూపూ పోయింది.

“కాకా, సిమెంట్ వద్దు.”

“నన్నేమనుకున్నవే? పండ్లకు సిమెంట్ వెడ్తనా,” అన్నాడు కోపంగా. తర్వాత సంచి మూతి మడుస్తూ, “జెర ఆలోచన జేసిన గని,” అన్నాడు.

చివరికి లవంగ నూనెలో ముంచిన దూది, దాని మీద కరిగించిన మైనపువత్తి. మూలల్లో పని చేసే బొటనవేలంత తాపీని మూడుసార్లు సబ్బుతో, ఒకసారి మరిగే నీళ్లతో కడిగాడు. ఒక చేత్తో నా దవడ పట్టుకున్నాడు. మైనం నొక్కి, వేలితో లెవెల్ చూసి, కొరకమన్నాడు. గాలి తగలడం ఆగింది, నొప్పి సగమైంది. మౌశి ఆరడుగుల దూరం నుంచి మెచ్చుకుని, తన నాలుగింటిలో ఒకటి కదులుతోందని, దానికీ ఏదైనా పెట్టమని అడిగింది. ఆ సాయంత్రం కాక గ్యాలరీలో కొంచెం ఛాతీ విరుచుకుని నడిచాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి నా ఎడమ చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవడం లేదు. ఒళ్లు కాలిపోతోంది. తొమ్మిదిన్నర అయింది. మౌశి తడిగుడ్డ తెచ్చి నుదుటికి చుట్టి, ఆ పిల్ల వచ్చే ముందు తీసేస్తే యంత్రం చల్లగా చూపిస్తుందంది. ఉబ్బును మాస్కు దాస్తుంది. నేను ఒప్పుకున్నాను. కాక మాత్రం నా చెంపనే చూస్తున్నాడు. తర్వాత వేలితో ఉబ్బును మెల్లగా నొక్కి చూశాడు.

“తడి గోడ మీద లప్పం వెట్టిన బిడ్డా. లోపటి తడి ఎటు పోతది, గోడ ఉబ్బుతది. కూలోళ్లకు ఎన్నిమాట్ల చెప్పిన్నో. నేనే వెట్టిన.”

సన్నని పుల్లతో ఆ మైనాన్ని పెళ్లగించాడు. నోట్లోకి వచ్చినదాని గురించి రాయను. తలలో బిగుసుకున్నదేదో వదులైంది, ఏడుపు వచ్చింది. జ్వరం మాత్రం తగ్గలేదు. మెట్ల మీద ప్లాస్టిక్ కోటు గరగర వినిపించింది. నేను తడిగుడ్డ తీసి మాస్కు పెట్టుకున్నాను. కాకకు నీళ్ల చెంబు అందించాను. ఆయన తీసుకోలేదు. చెంబు పక్కన పెట్టి గుమ్మంలో నిలబడి ఆమెతో మరాఠీలో అన్న మాటలు మా తెలుగులో ఇవి:

“మా పోరికి జరమున్నది తల్లీ. పన్నుతోని వచ్చింది. దాసిపెడితే పాణం మీదికొస్తది. ఇగ నాకు దగ్గున్నది, అది సిమెంట్‌ది. నువ్వు నమ్మకున్నా సరే, దీన్ని దవాఖానకు తోలు.”

అని దగ్గాడు. నెల రోజులుగా నీళ్లతో అదిమిపెట్టిన దగ్గంతా ఒక్కసారే వచ్చింది. గ్యాలరీలో తలుపులు వరుసగా మూసుకున్నాయి. మౌశి తలుపు ఒక్కటే తెరిచి ఉంది.

ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత నన్ను మాస్కు తీయమంది, చెంప చూసింది. మైనం పెట్టిన సంగతి కూడా కాక దాచకుండా చెప్పాడు. ఇద్దరికీ పరీక్ష తప్పదని, అయితే ముందు పంటి సంగతి చూడాలని, పళ్ల విభాగం తెరిచి ఉన్న ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. వెళ్లబోతూ ఆగి, గొంతు తగ్గించి, తనకూ పదిహేను రోజులుగా దవడ పన్ను లాగుతోందని, మైనం ఏమైనా పనిచేస్తుందా అని కాకను అడిగింది. కాక రెండు చేతులూ జోడించి, వద్దన్నాడు.

ఖాళీ ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఇద్దరం నడిచాం. ఆపిన ప్రతి పోలీసుకూ చీటీ చూపించాం. కాక దారి పొడుగునా హాయిగా దగ్గాడు. ఆసుపత్రిలో తల నుంచి కాళ్ల దాకా కప్పుకున్న డాక్టరు నా నోట్లోకి చూసి, అడుగున మిగిలిన ముక్కను గీకుతూ, ఇందులో మైనం పెట్టిన మహానుభావుడెవరని అడిగాడు. కాక పైకప్పు పగులును పరీక్షగా చూస్తూ ఉండిపోయాడు. పొద్దున తీసేసి మంచిపని చేశారు, ఇంకో రోజు ఉంచితే గొంతు దాకా వెళ్లేదని డాక్టరు అన్నప్పుడు కూడా ఆయన చూపు కిందికి రాలేదు. పన్ను పీకేశారు. నేను భయపడినంత నొప్పి లేదు. పరీక్షల్లో ఇద్దరికీ ఏమీ లేదని రెండో రోజు తేలింది.

కాక పోయి ఏడాది దాటింది. ఆ దగ్గే తీసుకుపోయింది. పనిసంచీ తీసి చూస్తే చిన్న తాపీ అంచున కొంచెం మైనం ఇంకా అంటుకుని ఉంది. గీకలేదు. నాగ్‌పాడా డాక్టరు దగ్గరికి ఇప్పుడు చెప్పిన రోజు చెప్పిన వేళకు వెళ్తున్నాను. షట్టర్ పడిందని సంతోషించిన ఆ ఇరవై మూడేళ్ల నన్ను, ఆ పిరికి పిల్లను, మెట్లెక్కేటప్పుడు తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. పాపం, తనొక్కతే భయపడుతోందనుకుంది. ఆ ఖాళీలో కట్టుడు పన్ను పెడతానని డాక్టరు ప్రతిసారీ అంటాడు, వచ్చేసారి చూద్దామంటాను. ఆదివారం పొద్దున టీ అయ్యాక చెంచా వెనకవైపుతో పళ్లు ఒక్కొక్కటే తట్టి వింటాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఎడమవైపు ఒకచోట చెంచాకు ఏమీ తగలదు. అక్కడ కాసేపు ఆగి, పక్క పంటికి వెళ్తాను.